ఇనుముతో పంపిన పసుపు బియ్యం

ఇనుముకి పుట్టిన ఊరు రాసిపెట్టే ఉద్యోగం చేశాను నేను, చాలా ఏళ్లు. వినడానికి వింతగా ఉంటుంది గాని, పక్క దేశానికి సరుకు పంపాలంటే ఆ కాగితం లేకుండా కుదరదు. ఈ బోల్టు ఫలానా దేశపు ఇనుముతో, ఫలానా ఊళ్లో, ఫలానా షెడ్డులో తయారైందని నాలుగు ప్రతులు టైపు చేయాలి. కింద యజమాని సంతకం, పక్కన ముద్ర. ఇరుగుపొరుగు దేశాలు తమలో తాము మాట్లాడుకుని ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తగ్గించుకుంటాయి. ఆ తగ్గింపు దక్కాలంటే సరుకు నిజంగా మన గడ్డ మీదే పుట్టిందని రుజువు చూపాలి. ఎక్కడో దూరదేశంలో కొన్నది మన పేరు పెట్టి పంపేస్తామేమోనని వాళ్ల భయం. కాగితం చివర ఒక వాక్యం ఉండేది. ఈ పెట్టెల్లో పైన చెప్పిన ఇనుప సామాను తప్ప మరే వస్తువూ లేదని ధ్రువపరుస్తున్నాము, అని. నేను మొట్టమొదట కొట్టిన కాగితంలోనే ఆ వాక్యం అబద్ధం. తెలిసే కొట్టాను.

ఇది ఎనభైల మొదట్లో మాట. మేం రాయపూర్ దగ్గరి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 7లో ఉండేవాళ్లం. నాన్న ప్లాంటులో ఆఫీసరు. నేను బీకాం అయిపోయి, టైపు హయ్యరు పాసై, పెళ్లి కుదిరేదాకా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకని పక్కనే హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో చేరాను. దాని యజమాని నాన్నకి స్నేహితుడు, విజయనగరం వైపు మనిషి. ప్లాంటు ఉద్యోగం ముందుగానే వదిలేసి ఆ షెడ్డు వేసుకున్నారు. ఇంటికొస్తే బాబాయిగారు, షెడ్డులో సార్. రైలు పట్టాలు రెండు కలిసే చోట బిగించే బోల్టులు తయారుచేసేవాళ్లం. షెడ్డు మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాకో రేకుల గది, టైపు మిషను, మంచినీళ్ల కూజా. మిషను అక్షరాల మీద ఇనుపరజను పేరుకునేది. పొద్దున్నే బ్రష్షుతో దులిపి గాని పని మొదలుపెట్టడానికి ఉండేది కాదు.

ఒకరోజు సార్ టెలిగ్రాం పట్టుకుని, పెళ్లి సంబంధం ఖాయమైన మనిషిలా వచ్చారు.

"చూసేవేటమ్మా! బంగ్లాదేశ్ రైలోళ్లు మన బోల్టు అడిగేరు. ఇన్నాళ్లూ ఓడల మీద తెప్పించుకునీవోరు పాపం, నెలలు పట్టీసీది. మన దగ్గర్నుంచైతే వాగనెక్కిస్తే చాలు. పొరుగింటి పుల్లకూర రుచంటారు గదా, ఇప్పుడు వాళ్లకి మనవే పొరుగింటోళ్లం. ఈ సుంకాలూ గింకాలూ ఎత్తీస్తే ఇటోళ్లూ అటోళ్లూ అందరం బాగుపడతాం. అవునా కాదా?"

అవునన్నాను. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను.

పెట్టెలు చేసి సరుకు సర్దేది ఒక బెంగాలీ ఆయన. యాభై ఏళ్లుంటాయి. అరవైల్లో ఇప్పటి బంగ్లాదేశ్ వైపు గొడవలైనప్పుడు తల్లిని వెంటబెట్టుకుని కట్టుబట్టలతో సరిహద్దు దాటి, రాయపూర్ దగ్గర శరణార్థుల శిబిరంలో కొన్నేళ్లుండి, చివరికి మా టౌన్‌షిప్‌కి దగ్గరి ఊరు ఉతైలో స్థిరపడ్డాడు. వడ్రంగం వచ్చు. పెళ్లి చేసుకోలేదు. నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను దీదీమణి అనేవాడు. వయసుకి చిన్నదాన్నైనా కాగితాలు చూసే మనిషినని ఆ మర్యాద. మాట్లాడేది హిందీయే గాని బెంగాలీ యాస పోలేదు. మా పక్క క్వార్టరు వాళ్లు బెంగాలీలే కావడంతో ఆ భాష నాకు కొంత తెలుసు.

పెట్టెల మీద రాయాల్సిన ఊరి పేరు నేను కాగితం మీద రాసిస్తే, దాన్ని రేకు మీద కోసుకుని రంగు అద్దడం ఆయన పని. ఆ రోజు కాగితం తీసుకుని వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు.

"దీదీమణి, ఇది ఉత్తరాన ఉన్న రైల్వే ఊరేనా? పెద్ద వర్క్‌షాపు ఉంటుంది, అదేనా?"

ఆర్డరు తీసి చూశాను. ఆ వర్క్‌షాపు స్టోర్సుకే. ఆ మాట చెప్పగానే ఆయన గుమ్మంలో కింద కూలబడ్డాడు. నీళ్లిస్తే తాగలేదు. తనే చెప్పాడు. ఆయనకి పదేళ్లు చిన్న చెల్లెలు ఉంది. ఆ వర్క్‌షాపులో బరువులు మోసే ఖలాసీకిచ్చి పెళ్లి చేశారు. పారిపోయి వచ్చిన రోజున ఆమెకి కబురు పంపే వీలు కూడా లేకపోయింది. తరవాత డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చి వాళ్లుండే రైల్వే కాలనీ చెల్లాచెదురైంది. రాసిన ప్రతి ఉత్తరం, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చేసింది. తల్లికి శుక్లాలు ముదిరి చూపు పోయింది. రోజూ ఒకటే ప్రశ్న అడుగుతుందట, పిల్ల బతికుందా అని.

"నాకు జవాబు తెలియదు దీదీమణి. అమ్మ ఆ జవాబు కోసమే ప్రాణం పట్టుకుని ఉంది."

రెండు రోజుల తరవాత మళ్లీ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. పెట్టె అక్కడ విప్పేవాడు కూడా ఖలాసీయే అయ్యుంటాడు, ఖలాసీకి ఖలాసీ గురించి తెలియకపోదు, అందుకని మొదటి పెట్టెలో ఉత్తరం పెడతానన్నాడు. చెల్లెలి మొగుడి పేరు, ఉతై చిరునామా, అమ్మ ఇంకా ఉందన్న మాట, అంతే.

"ఇనుము తప్ప ఏమీ లేదని నువ్వు రాస్తావట కదా. నీకు చెప్పకుండా పెడితే నీ చేత అబద్ధం రాయించినట్టు."

"పెట్టు కాకా. నేను చూడలేదు," అన్నాను. సార్‌కి తెలిస్తే ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా అది మంచి పనే అనిపించింది. ఇప్పుడూ అనిపిస్తుంది. నా బతుకులో ఆ మాట ఒక్కటే సరిగ్గా మాట్లాడానేమో.

ఆయన ఆ ఉత్తరాన్ని జిగురుతో అంటించి, పెట్టె అడుగు చెక్కకీ తారు కాగితానికీ మధ్య పెట్టి, పైన బోల్టులు పేర్చేశాడు.

ఇంట్లో అమ్మకి ఉత్తరం సంగతి చెప్పలేదు గాని, రేపు సరుకు బయల్దేరుతుందని చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటే, గడప దాటి పరాయి దేశం ఎల్తంది సరుకు. ఒట్టిగా పంపించీస్తారేటి? ఆడపిల్లని అత్తారింటికి పంపినప్పుడు ఒళ్లో బియ్యం పొయ్యమా?"

"అమ్మా, అవి బోల్టులే."

"బోల్టులైతే? మీ నాన్న పని చేసిన మొదటి పట్టాల లోడు ఎల్లిన రోజున నేను గుమ్మంలోంచి అక్షింతలేసేను. ఒక్క పట్టా తిరిగొచ్చిందేటి? చెప్పు."

అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. పసుపూ రెండు చుక్కల నెయ్యీ వేసి కలిపిన బియ్యం గుప్పెడు నా చేతిరుమాలులో మూటకట్టి ఇచ్చింది. నవ్వుకుంటూనే తీసుకెళ్లాను. నవ్వుకున్నాను గాని పారేయలేదు, అదీ మా సంగతి. చదువెంత చదివినా ఆ గుప్పెడు బియ్యం పారేసే ధైర్యం మావాళ్లెవరికీ ఉండదు. మర్నాడు సార్ కొబ్బరికాయ కొట్టి, అందరూ ప్రసాదానికి మూగినప్పుడు, ఇంకా మేకులు కొట్టని మొదటి పెట్టె మూత కాస్త ఎత్తి, ఓ మూల ఆ బియ్యం పోసేశాను. శుభమనేది మొదటి పెట్టెకే కదా చెయ్యాలి. ఉత్తరం ఉన్నదీ అందులోనే అన్న సంగతి నాకు గుర్తుంది. ఆయన చెల్లెలికి కూడా అంటుతుందిలే అనుకున్నాను.

అప్పుడు వచ్చి కూర్చుని కాగితం టైపు చేశాను. ఇనుప సామాను తప్ప మరే వస్తువూ లేదని, అన్న చోట నా వేళ్లు ఆగాయి. ఆగింది ఉత్తరం తలచుకుని. బియ్యం సంగతి మనసులోకే రాలేదు. అక్షింతలు కూడా ఒక వస్తువని, వాటిని కూడా ఎవరో ఒక జాబితాలో వెతుకుతారని ఎలా తోస్తుంది నాకు?

మూడు వారాలు గడిచాయి. కాకా రోజూ నా గుమ్మం దగ్గరికి వచ్చి కూజాలో నీళ్లు తాగి వెళ్లేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఒకసారి మాత్రం, తొందరపడి వాళ్లమ్మకి చెప్పేశానన్నాడు. ఉత్తరం రైల్లో వెళ్లిందని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ రోజూ మధ్యాహ్నం తలదువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, వసారాలో కూర్చుంటోందట.

నాలుగో వారంలో పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. లారీ మీదనుంచి దింపుతుంటే మొదట ఇంకెవరివో అనుకున్నాను. వాటితో వచ్చిన కాగితం సార్ నిలబడే చదివారు. రెండుసార్లు చదివారు.

"బియ్యవేటమ్మా? బోల్టుల పెట్టెలో బియ్యవేటి?"

సరిహద్దు స్టేషన్లో ఒక వాగన్‌లోంచి ఇంకో వాగన్‌లోకి మారుస్తుంటే మొదటి పెట్టె సందులోంచి బియ్యం గింజలు రాలాయట. ఆ రోజుల్లో ధాన్యం సరిహద్దు దాటించడం పెద్ద నేరం. ఇనుము తప్ప ఏమీ లేదని సంతకం పెట్టిన కాగితంలో ఒక మాట అబద్ధమైతే మిగతా మాటలు మాత్రం ఎలా నమ్మాలని కస్టమ్స్ వాళ్లు సరుకంతా వెనక్కి పంపేశారు. వాళ్లు బియ్యం దొరికిన పైభాగమే విప్పి చూశారు, అడుగుదాకా పోలేదు. అటువాళ్లు ఎదురుచూడలేక వేరే చోట కొనుక్కున్నారు. ఒక దేశపు రైలుకి కావలసిన ఇనుమంతా నా గుప్పెడు బియ్యం దగ్గర ఆగిపోయింది. నవ్వొస్తుంది కదూ. నాకు రాలేదు.

బియ్యం వాళ్లే ఉంచేసుకున్నారు. పెట్టె మూల చెక్కకి మాత్రం కాస్త పసుపు మరక మిగిలింది. సార్ దాన్ని చూడలేదు. చూసి ఉంటే విజయనగరం మనిషికి ఎవరూ చెప్పక్కర్లేకపోయేది. అందర్నీ వరసలో నిలబెట్టి, పెట్టెల దగ్గర బియ్యం ఎవడు పెట్టాడని హిందీలో అరిచారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చేతిరుమాలు మీదికి పోయింది. ఎవరూ చూడలేదు.

"నేనే సార్," అన్నాడు కాకా. "ఇంటికి కొనుక్కెళ్తున్న బియ్యం సంచి పెట్టె మీద పెట్టాను. కారినట్టుంది."

ఎక్కువ వెతికితే ఉత్తరం బయటపడుతుందని ఆయన భయపడ్డాడనుకున్నాను. సార్ ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు గాని, పెట్టెల పని మాన్పించి, ఎండలో తుక్కు ఏరే పనిలో వేశారు. నేను మాట్లాడలేదు. ఇలాంటప్పుడు నోరు పెగలలేదని రాస్తుంటారు. నా నోరు బాగానే ఉంది. నేనే తెరవలేదు. షెడ్డులో ఉన్న ఒక్క ఆడపిల్ల, అమ్మ చాదస్తం మోసుకొచ్చి ఆర్డరు పోగొట్టిందని సెక్టరంతా చెప్పుకుంటారని భయం. అంతకు మించిన కారణం ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆయన అడుగు చెక్క ఊడదీశాడు. అంటించిన ఉత్తరం అంటించినట్టే ఉంది, కాస్త గ్రీజు మరక అంతే. జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు.

పది రోజులు క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెచ్చాను. అమ్మ పట్టేసింది. అంతా చెప్పేశాను. అమ్మ పొయ్యి ఆర్పి వచ్చి నా పక్కన కూర్చుంది.

"శుభానికని ఇచ్చేనే, ఇలగవుద్దని నాకేటి తెలుసు?" అంది. తరవాత, "ఎల్లి చెప్పీ ఆయనతో. తప్పు కడుపులో పెట్టుకుని తిరిగితే అదే నిన్ను తినీస్తది," అని డబ్బాలో సున్నుండలు సర్ది ఇచ్చింది.

ఆదివారం బస్సెక్కి ఉతై వెళ్లాను. అడిగితే ఇల్లు చూపించారు. పెంకుటిల్లు, వసారా పేడతో అలికి ఉంది. కాకా నీళ్లకి వెళ్లినట్టున్నాడు. వసారాలో చాప మీద ఆయన తల్లి ఒక్కతే ఉంది. ఉతికిన చీర, దువ్విన తల. నా చెప్పుల చప్పుడు ఆగగానే మొహం ఇటు తిప్పింది. తెల్లబడ్డ కళ్లు నా భుజం మీదుగా ఎక్కడో చూస్తున్నాయి. చెయ్యి చాపింది. నేను వంగి పట్టుకున్నాను. నా మణికట్టు, గాజులు తడిమింది. ఆవిడ మనసులో కూతురు వదిలి వచ్చిన నాటి వయసు దగ్గరే ఆగి ఉంది, అప్పటికి నాకూ అదే వయసు.

"ఏలి?" అంది. వచ్చావా అని.

కాదమ్మా, నేను షెడ్డులో పనిచేసే అమ్మాయిని, అని చెప్పడానికి నాకు వచ్చిన బెంగాలీ చాలు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. షెడ్డులో నా నోరు మూయించిన పిరికితనమే ఇక్కడికీ వచ్చింది, కాకపోతే ఈసారి జాలి వేషం వేసుకొచ్చింది.

"హ్యాఁ, మా," అన్నాను. వచ్చానమ్మా అన్నట్టే.

ఏడవలేదు ఆవిడ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్లలెలా ఉన్నారంది. బాగున్నారన్నాను. అల్లుడు ఇంకా కోపిష్టేనా అంది. లేదన్నాను. తడుముకుంటూ తన డబ్బా తీసి మరమరాలూ బెల్లమూ నా చేతిలో పెట్టి, తినేదాకా నా వీపు మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ మరమరాలు అన్నీ తిన్నాను.

తల ఎత్తితే వాకిట్లో కాకా బకెట్టుతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. నేను లేవబోయాను. ఆయన బకెట్టు కింద పెట్టి, వసారాలోకొచ్చి, తల్లి పక్కన కూర్చుని, దీనికి ఇవాళే తిరుగు రైలుందమ్మా, ఎక్కువసేపు ఆపకు, అన్నాడు. ఆవిడ సరేనంది. పెళ్లయిన పిల్లని ఎన్నాళ్లు ఉంచుకుంటామంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు సున్నుండల డబ్బా కాకా చేతిలో పెట్టి, బియ్యం పోసింది నేనేనని చెప్పాను.

"తెలుసు దీదీమణి. మూతకి మేకులు కొట్టింది నేనే కదా. పసుపు బియ్యం కనిపించింది. ఎవరిదో కూడా తెలుసు. తీసేద్దామని చెయ్యి పెట్టి తియ్యలేకపోయాను. మావైపు కూడా ఆడపిల్ల నెత్తి మీద ధాన్యం, గరిక వేసి పంపుతాం. చెల్లెలికి అందుతుందిలే అనుకున్నాను."

వసారాలో జరిగిన దాని గురించి ఆయనా అనలేదు, నేనూ అనలేదు. బస్సు వచ్చింది.

ఆ తరవాత కాకా తల్లి మరెప్పుడూ పిల్ల బతికుందా అని అడగలేదట. మరుసటి వర్షాకాలంలో పోయింది. ప్రశాంతంగా పోయిందని కాకా చెబితే, కొన్నాళ్లు నేను చేసింది మంచే అనుకుని మనసు కుదుటపరచుకున్నాను.

ఎనభైల మధ్యలో మనతో కలిపి చుట్టుపక్కల ఏడు దేశాలూ ఒక సంఘంగా కూడాయి. ఇక సరుకులు ఇరుగింటికీ పొరుగింటికీ పోయినట్టు పోతాయని రేడియోలో చెప్పేవారు. మాకు మళ్లీ అటునుంచి ఆర్డరు వచ్చింది. అదే ఊరికి. కాకా అప్పటికి మళ్లీ పెట్టెల పనిలోకి వచ్చాడు. నేను పరుగున వెళ్లాను.

"రాయి కాకా. ఈసారి నా చేత్తో నేను పెడతాను. అడుగున పెడదాం. పక్కన ఇంకేమీ ఉండదు."

ఆయన చెక్క మీద చిత్రిక పట్టడం ఆపాడు.

"వద్దు దీదీమణి. అమ్మ దాన్ని చూసుకునే పోయింది. ఇప్పుడు ఉత్తరం వెళ్లి, చెల్లెలు నిజంగా ఎక్కణ్ణుంచో జవాబు రాసిందనుకో. నన్నెందుకు వెతకలేదని, అమ్మ నన్ను అడిగేదా అని రాస్తే? నువ్వు రాకుండానే వచ్చావని అమ్మని నమ్మించామని రాయనా? నావల్ల కాదు."

మళ్లీ చిత్రిక పట్టుకున్నాడు. బతిమాలాను, కోపం కూడా తెచ్చుకున్నాను. ఆయన తల ఎత్తలేదు. పెట్టెలు వెళ్లాయి. ఎక్కడా ఆగలేదు. అందినట్టు రసీదు నెల తిరక్కుండా వచ్చింది. సార్ మిఠాయి పంచారు. నేను ఇంటికి వచ్చి స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను.

కాకా పోయి చాలా కాలమైంది. అటువైపు ఎక్కడో ఆయన చెల్లెలు బతికే ఉంటే ఎనభైకి దగ్గర పడి ఉంటుంది. అమ్మ తనని మరిచిపోయిందనీ, అన్న తనని వదిలేశాడనీ అనుకుంటూ ఉంటుంది. అమ్మ చివరిదాకా తన కోసం తల దువ్వించుకుని వసారాలో కూర్చుందని చెప్పాల్సిన మనిషిని నేను. ఆవిడ పేరు కూడా అడిగి తెలుసుకోలేదు నేను.